ఫోర్సైత్ కౌంటీలో పిల్లలతో రంగు గురించి మాట్లాడటం ఎలా

అట్లాంటాకి ఉత్తరాన మా ఫోర్సైత్ కౌంటీలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. మన పిల్లలు ఏదో ఒక రోజు ఈ ప్రశ్న అడుగుతారు: "అమ్మా, అట్లాంటాలో అంతమంది నల్లవాళ్ళు ఉన్నారు కదా, మా క్లాసులో ఒక్కరో ఇద్దరో ఎందుకున్నారు?" 2020 జనాభా లెక్కల్లో ఈ కౌంటీలో రెండున్నర లక్షల మంది. ఆసియా మూలాలవాళ్ళం దాదాపు 18 శాతం. నల్లజాతివాళ్ళు ఐదు శాతం కూడా లేరు. పక్కనే ఉన్న ఫుల్టన్ కౌంటీలో వాళ్ళు 40 శాతం పైనే. "అలాంటివి పట్టించుకోకూడదు నాన్నా, అందరూ ఒకటే" అని ఆ ప్రశ్నని అక్కడితో ఆపేయకండి. ఊరి కథతోనే మొదలుపెట్టండి.

ఆ కథ ఇది. 1912 సెప్టెంబర్‌లో ఇక్కడ ఒక తెల్ల అమ్మాయి మీద దాడి జరిగింది, తర్వాత ఆమె చనిపోయింది. ఆ దాడి చేశాడన్న అనుమానంతో రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి, కౌంటీ ముఖ్యపట్టణమైన కమ్మింగ్ జైల్లోంచి గుంపు బయటికి లాక్కొచ్చి చంపి, నడి ఊళ్ళో స్తంభానికి వేలాడదీసింది. అదే నేరం మోపి 16 ఏళ్ళవాడొకడు, 18 ఏళ్ళవాడొకడు, ఇద్దరు నల్లజాతి పిల్లలకి ఒక్కొక్క రోజులో విచారణ ముగించి, అక్టోబర్‌లో వేలమంది చూస్తుండగా ఉరి తీశారు. రాత్రిపూట గుర్రాల మీద వచ్చి ఇళ్ళ మీద కాల్పులు జరిపారు, చర్చిలు తగలబెట్టారు. కౌంటీలో ఉన్న వెయ్యి మందికి పైగా నల్లజాతివాళ్ళు దాదాపు అందరూ పొలాలు, ఇళ్ళు, పశువులు వదిలేసి పోయారు. కొందరు అయినకాడికి అమ్ముకున్నారు. చాలామంది భూమి ఇరుగుపొరుగు చేతుల్లోకి పోయింది. ఆ తర్వాత డెబ్బై ఏళ్ళకి పైగా ఇది తెల్లవాళ్ళ కౌంటీగానే ఉండిపోయింది. 1987 జనవరిలో పౌరహక్కుల నాయకుడు హోసియా విలియమ్స్ కొద్దిమందితో ఇక్కడ శాంతియాత్ర చేస్తే రాళ్ళు పడ్డాయి. మరుసటి వారం ఇరవై వేల మంది వచ్చి నడిచారు.

చిన్నపిల్లలకి ఉరి సంగతి చెప్పక్కర్లేదు. "ఇక్కడుండే వాళ్ళని భయపెట్టి తరిమేశారు, వాళ్ళ భూములు పోయాయి" అంటే ఏడెనిమిదేళ్ళ పిల్లలకి చక్కగా అర్థమవుతుంది. మిడిల్ స్కూలు పిల్లల్ని మాత్రం కమ్మింగ్ డౌన్‌టౌన్‌కి తీసుకెళ్ళండి. రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో 2021లో పెట్టిన ఫలకం అక్కడుంది. వాళ్ళనే చదవనివ్వండి. మా అమ్మాయి చదివి, "మన ఇల్లున్న చోట ఎవరుండేవాళ్ళు?" అని అడిగింది. అది ఎవరి భూమో నాకు తెలియదనే చెప్పాను. ఆ ప్రశ్న పుట్టడమే నాకు కావాల్సింది.

స్కూలు చూసుకుంటుందిలే అనుకోవద్దు. జార్జియా చరిత్ర ఎనిమిదో గ్రేడ్‌లో ఉంటుంది, నిజమే. కానీ 2022లో రాష్ట్రం ఒక చట్టం చేసింది. ఒక జాతి ఇంకో జాతి కంటే పుట్టుకతో గొప్పదని గానీ, తన జాతి కారణంగా ఒక మనిషి సిగ్గుపడాలని గానీ బోధించకూడదని అందులో ఉంది. ఆ మాటల్లో తప్పులేదు. కానీ ఎవరు కంప్లయింట్ చేస్తారో అన్న టెన్షన్ ఉన్న టీచర్ ఇలాంటి పాఠాన్ని తొందరగా దాటేస్తుంది. ఆ లోటు ఇంట్లోనే పూడాలి.

"నేను రంగు చూడను" అన్న మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి. పక్క సీట్లో కూర్చున్న పిల్లవాడితో ఎలా మెలగాలన్నదానికి అది మంచి నియమం, నేర్పండి. కానీ ఒక ఊరు ఇలా ఎందుకుంది, ఒక వీధిలో ఇళ్ళ ధరలు ఎందుకు పడిపోయాయి అన్నది ఆ మాటతో తెలియదు. 1896లో ప్లెసీ కేసులో, రైల్లో నల్లవాళ్ళకి వేరే పెట్టె ఉండొచ్చని సుప్రీంకోర్టు తీర్పిస్తే, జడ్జి హార్లన్ ఒక్కడే కాదన్నాడు. మన రాజ్యాంగం రంగు చూడదు అని రాశాడు. తెల్లజాతి ఈ దేశంలో పైచేయిగా ఉంది, ఇకముందూ ఉంటుంది అని అదే తీర్పులో రాశాడు. చైనావాళ్ళని మనకంటే ఎంతో వేరైన జాతి అన్నాడు. హైస్కూల్ పిల్లలకి ఈ రెండు ముక్కలూ కలిపి చూపించండి. కాలేజీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023లో సుప్రీంకోర్టు ఇచ్చిన హార్వర్డ్ తీర్పు మీద మన ఇళ్ళల్లో జరిగిన వాదనల్లోకి దిగేముందు ఇది తెలిసుండాలి. ఆ తీర్పు మంచిదా కాదా అన్నదాంట్లో మీ అభిప్రాయం మీది. మార్టిన్ లూథర్ కింగ్ 1963 ప్రసంగంలో, మనిషిని రంగుతో కాక గుణంతో చూడాలన్న మాట ఒక్కటే ఎత్తి చూపేవాళ్ళకి మాత్రం, అదే ప్రసంగంలో సమాన హక్కుల పేరుతో అమెరికా నల్లవాళ్ళకిచ్చిన చెక్కు చెల్లకుండా తిరిగొచ్చిందని కూడా ఆయన అన్నాడని గుర్తు చేయండి.

మనం ఇక్కడికి ఎలా రాగలిగామో చెప్పండి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే సిక్కు పౌరసత్వ కేసులో, భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు అంది. 1946లో చట్టం మారాక కూడా మన దేశానికి కోటా ఏడాదికి వంద మందే. 1965 ఇమ్మిగ్రేషన్ చట్టంతో ఆ తలుపు తెరుచుకుంది. పౌరహక్కుల ఉద్యమం ఊపు మీదున్నప్పుడే అది వచ్చింది. కష్టపడి చదివి వచ్చాం, నిజమే. చదివినవాళ్ళు అంతకుముందూ ఉన్నారు, వాళ్ళకి వీసా లేదు.

ఇక అన్నిటికంటే కష్టమైన పని మన డైనింగ్ టేబుల్ దగ్గర. మా ఇంటికి భోజనానికొచ్చిన ఒక అన్నయ్యగారు ఇల్లు కొనే మాటల్లో, "నేను రంగూ గింగూ చూడనమ్మా, కానీ ఆ సైడ్ మాత్రం వద్దు, సేఫ్ కాదు" అన్నారు. పిల్లలు వింటున్నారు. పెద్దాయనతో గొడవపడితే పిల్లలకి గొడవే గుర్తుంటుంది. అందుకని, "ఏ వీధి చూశారు అన్నయ్యగారూ? స్కూలు రేటింగ్ ఎంతుంది?" అని అడిగాను. ఆయన ఏ వీధీ చూడలేదు. మా వారు ఫోన్ తీసి రెండు సబ్‌డివిజన్ల స్కూళ్ళు పక్కపక్కన పెట్టి చూపించారు, మాట అటు మళ్ళింది. ఇలాంటప్పుడు నిందించకండి, వివరం అడగండి. పెద్దవాళ్ళ గౌరవం పోదు, పిల్లలకి విషయం అర్థమవుతుంది. "అమ్మాయి కాస్త చామనఛాయ" అని పెళ్ళి సంబంధం మాటల్లో గొంతు తగ్గించే అత్తయ్యలకి మాత్రం నేను సూటిగానే చెప్తాను, ఆ మాట మా అమ్మాయి ముందు వద్దని.

కులం సంగతి వదిలేసి రంగు గురించి మాట్లాడితే పిల్లలు నమ్మరు, నమ్మకూడదు కూడా. నేను పెరిగింది తెనాలి దగ్గర. 1991 ఆగస్టులో చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు నేను స్కూల్లో ఉన్నాను. ఊరొదిలి తెనాలి వచ్చి శిబిరంలో తలదాచుకున్న కుటుంబాలని చూశాను. ఫోర్సైత్ కథ చదివినప్పుడు నాకు ముందు వాళ్ళే గుర్తొచ్చారు. 1959లో కింగ్ కేరళ వెళ్ళినప్పుడు ఒక స్కూలు హెడ్మాస్టర్ ఆయన్ని అమెరికాలోని అంటరానివాడిగా పిల్లలకి పరిచయం చేశాడు. మొదట నొచ్చుకుని, తర్వాత అవును, నేను అదే కదా అనుకున్నానని 1965లో అట్లాంటాలో ఎబెనెజర్ చర్చిలో ఆయనే చెప్పాడు. ఆ చర్చి మనకి గంట దూరం. సెలవు రోజు తీసుకెళ్ళండి.

చివరిగా, మన పిల్లలకే ఏదైనా జరిగితే. బస్సులో ఎవరైనా యాసని, తిండిని, రంగుని వెక్కిరిస్తే ఆ సాయంత్రమే తేదీ, అన్న మాట, విన్నవాళ్ళ పేర్లు రాసి పెట్టండి. కౌన్సిలర్‌కి ఫోన్ కాదు, ఈమెయిల్ పంపండి. కాగితం మీద ఉన్నదానికే జవాబు వస్తుంది. మన పిల్లవాడే ఇంకో పిల్లవాణ్ణి అలా అన్నాడని తెలిస్తే, స్కూలు పిలిచేదాకా ఆగకండి. ఆ పిల్లవాడి తల్లిదండ్రులకి మీరే ఫోన్ చేసి, మీవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, వాడి నోటితోనే సారీ చెప్పించండి.