హాపర్‌లో గడ్డకట్టే డస్ట్ – నా అనుభవం

గాజువాక దగ్గర స్లాగ్ సిమెంట్ (ఇనుప కొలిమి చిట్టెం కలిపి చేసే సిమెంట్) గ్రైండింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ నాది. మిల్లు గాలిలోని సిమెంట్ డస్ట్‌ని గుడ్డ సంచులతో వడకట్టే బ్యాగ్ ఫిల్టర్ ఉంది, ఆ డస్ట్ కింద గరాటు లాంటి హాపర్‌లో పడుతుంది. వానాకాలం వస్తే ఈ హాపర్‌లో డస్ట్ గడ్డకట్టేది. కుర్రాళ్లు సుత్తితో కొట్టి దించాల్సి వచ్చేది.

అందరూ బ్యాగులనే అనుమానించారు. అసలు దొంగ హాపర్ కింద రోటరీ వాల్వ్, అంటే గాలి దూరనీయకుండా తిరుగుతూ డస్ట్‌ని కిందికి వదిలేది. దాని సీలు అరిగింది. లోపల ఫ్యాన్ లాగుడుకి సముద్రపు తేమగాలి అటునుంచే దూరుతోంది. బ్యాగుల మీది డస్ట్ దులపడానికి కంప్రెసర్ నుంచి కొట్టే పల్సింగ్ గాలిలోనూ నీళ్లే! సీలు మార్చి, కంప్రెసర్‌కి డ్రైయర్ పెట్టించి, హాపర్‌కి హీటర్ చుట్టించాను. మిల్లు ఎక్కించే ముందే హీటర్ వేయాలి, లేదంటే దండగ.

ఇప్పుడు పొడి డస్ట్ స్క్రూ కన్వేయర్‌లో నేరుగా సిమెంట్‌లోకే వెళ్తోంది. అదీ సిమెంటే కదా. (సిమెంట్ క్లింకర్ కాల్చే కొలిమి నుంచి వచ్చే కిల్న్ డస్ట్ వేరు, అందులో క్షారాలు, క్లోరైడ్లు ఎక్కువ, ఇలా కలిపేయకూడదు.) పాత గడ్డలు మాత్రం సిమెంట్‌గా పనికిరావు. పగలగొట్టి యార్డు గుంతల్లో పోయించాం.