పడవ అడుగు పెయింట్: కొత్త డబ్బా కొనే ముందు పాత పొర సంగతి చూడండి

నా ఫైబర్ పడవకి నేను మొదటిసారి యాంటీఫౌలింగ్ పెయింట్ (నీళ్లలో ఉండే అడుగుకి నాచు, గుల్లలు పట్టకుండా మందు కలిపి చేసే పెయింట్) వేసిన ఎనిమిది నెలలకి పైకి తీసి చూస్తే, అడుగంతా అరచేతి వెడల్పు పెచ్చులు లేచి ఉన్నాయి. పెచ్చులు పోయిన చోటల్లా బార్నకిల్స్, అంటే పడవలకి అతుక్కుని పెరిగే చిన్న సముద్రజీవుల గుల్లలు. పెయింట్ మంచిదే, వేయడమూ శ్రద్ధగానే వేశాను. అసలు లోపం దాని కింద ఉంది. నాకు పడవ అమ్మినాయన వేసింది కరిగే రకం. దాని మీద నేను గట్టి రకం వేశాను. మెత్తటి పొర మీద గట్టి పొర నిలవదు. అందుకే ఏ పెయింట్ కొనాలని ఎవరడిగినా, ఇప్పుడు ఏముందో ముందు చూడమంటాను.

తడి గుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకి రంగు బాగా అంటితే చాలావరకు అది కరిగే రకమే. డబ్బాల మీద అబ్లేటివ్ అనో, సెల్ఫ్ పాలిషింగ్ అనో ఉంటుంది. నీటి ఒరిపిడికి కొద్దికొద్దిగా అరిగిపోతూ కొత్త మందుని పైకి తెస్తుంది. రంగు అంటకపోతే గట్టి రకం కావచ్చు. అందులో మందు నీళ్లలోకి ఊరిపోయినా ఖాళీ పొర అలాగే మిగులుతుంది, ఏటేటా మందం పెరుగుతుంది.

పాత పొర గట్టిగా పట్టుకుని ఉంటే అంతా గీకనక్కర్లేదు. కడిగి, తడి శాండ్ పేపర్‌తో గరుకు చేసి, అదే రకం వేస్తే చాలు. పెచ్చులు లేస్తున్నా, పొరలు మరీ మందమైనా మొత్తం తీసేయాల్సిందే.

ఇక్కడొక్క మాట గట్టిగా చెప్పాలి. పొడిగా రుద్దకండి. ఈ పెయింట్లలో ఎక్కువగా ఉండేది కాపర్ ఆక్సైడ్, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. పాత పడవైతే అడుగు పొరల్లో టీబీటీ (ట్రైబ్యూటైల్ టిన్) అనే పాతకాలపు మందు కూడా ఉండొచ్చు. ఆల్చిప్పల గుల్లలు వికారంగా పెరిగేలా చేసిన మందు అది. దాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి 2008లో అమల్లోకి వచ్చింది. కాబట్టి తడుపుతూ రుద్దండి, ఫిల్టర్లున్న రెస్పిరేటర్, కళ్లకి రక్షణ అద్దాలు, గ్లవ్స్ వేసుకోండి. కింద టార్పాలిన్ పరచి, రాలినదాన్నీ కారిన నీళ్లనూ పట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. మనం గీకిన విషం మళ్లీ ఆ నీళ్లలోకే పోకూడదు కదా.

గీకడానికి కార్బైడ్ బ్లేడున్న స్క్రేపర్ మంచిది. బ్లేడు రెండు మూలల్నీ డైమండ్ ఆకురాయితో కాస్త గుండ్రం చేసుకోండి, లేకపోతే ఆ మూలే ఫైబర్ మీది నున్నటి పై పొర అయిన జెల్‌కోట్‌లో గాడి చేస్తుంది. రెండు చేతులతో పట్టుకుని మీ వైపుకి లాగండి. పెయింట్ తెగుతున్నంతసేపూ బరబరమని చప్పుడొస్తుంది. జెల్‌కోట్ తగలగానే ఆ చప్పుడు సన్నబడి కీచుమంటుంది. అక్కడ ఆపేయాలి. మిగిలిన పలచటి పొరని 80 నంబర్ తడి పేపర్‌తో తీసేయండి. కెమికల్ రిమూవర్ వాడితే ఫైబర్‌కి పనికొస్తుందని రాసి ఉన్నదే తీసుకోండి, మామూలువి జెల్‌కోట్‌నే మెత్తబరుస్తాయి.

శుభ్రంగా వచ్చాక కడిగి పూర్తిగా ఆరనిచ్చి ఎపాక్సీ ప్రైమర్ వేయండి. పొరల సంఖ్య, మధ్య గడువు డబ్బా మీద ఉన్నట్టే. చివరి ఎపాక్సీ పొర మీద బొటనవేలు నొక్కితే ముద్ర పడాలి, వేలికి మాత్రం అంటకూడదు. సాధారణంగా మొదటి యాంటీఫౌలింగ్ పొరకి అదే సమయం. ఈ అదను తప్పితే మళ్లీ రుద్దుకోవాలి.

ఇక ఎంపిక. అల్యూమినియం పడవకి కాపర్ ఆక్సైడ్ పెయింట్ వద్దు, రెండు లోహాల మధ్య చర్య జరిగి అల్యూమినియంని తినేస్తుంది. అల్యూమినియంకని తయారు చేసినదే కొనండి. వేగంగా వెళ్లే పడవకి గట్టి రకం. నెమ్మదిగా తిరిగే తెరచాప పడవకి కరిగే రకం నాకిష్టం, పొరలు పేరుకోవు. ఏటా కొన్ని నెలలు ఒడ్డున ఉంచేవాళ్లకీ చాలావరకు ఇదే నయం, గట్టి రకాల్లో చాలావాటికి గాలికి ఆరితే శక్తి తగ్గుతుంది. మంచినీళ్లలో బార్నకిల్స్ బెడద లేదు, నాచు, జిగురే సమస్య. అక్కడ అంత ఘాటు మందు అక్కర్లేదు.

వేసేటప్పుడు డబ్బాని అడుగు నుంచి బాగా కలపండి, రాగి బరువుకి కిందికి దిగిపోతుంది. కరిగే రకమైతే మొదటి పొర వేరే రంగు వేయండి, అది బయటపడ్డ రోజు పై పొర అయిపోయిందని తెలుస్తుంది. నీటిగీత దగ్గరా, చుక్కాని అంచుకీ ఒక పొర ఎక్కువ వేయండి. జింక్ ఆనోడ్ల (మిగతా లోహ భాగాలు తినిపోకుండా బిగించే జింక్ ముక్కలు) మీద మాత్రం చుక్క పడనివ్వకండి.

పని అయ్యాక నేను పడవలో లాకర్ తలుపు లోపలి వైపు పెయింట్ పేరు, రకం, ఎన్ని పొరలు, తేదీ మార్కర్‌తో రాసి పెట్టాను. రేపు ఈ పడవ ఎవరి చేతికి వెళ్లినా తడి గుడ్డతో పని ఉండదు.