వాట్సాప్ పాఠాలు – 3: చెప్పకూడని కోడ్, చదివి వినిపించాల్సిన కోడ్

పోయిన పాఠంలో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకున్నాం. చివర్లో "కోడ్ ఎవరడిగినా చెప్పకండి" అని రాశాను. ఆ మాటను ఈరోజు సరిదిద్దాలి.

ఈ పాఠాలు మొదట బెంగళూరు మారతహళ్లిలో మా మిద్దె మీద పుట్టాయి. అనంతపురం, మదనపల్లె, కడప వైపు నుంచి వచ్చి పిల్లల దగ్గర ఉంటున్న పెద్దవాళ్లు ఆరేడుగురు ఆదివారం పొద్దున అక్కడ కూర్చుంటారు. పోయిన వారం ఒక పెద్దమ్మ ఫోన్ తెచ్చి చూపించింది. వైట్‌ఫీల్డ్‌లో ఉండే కొడుకు కొత్త ఫోన్ కొన్నాడు. ఆ అబ్బాయి చాట్ మధ్యలో సెక్యూరిటీ కోడ్ మారిందని ఒక లైను కనిపించింది. కొడుకు ఫోన్లోకి ఎవరో దూరారనుకుని రెండు రోజులు మెసేజే పెట్టలేదట. ఆ లైను నొక్కి, వచ్చిన 60 అంకెల నంబరు చూపించి, "అబ్బాయికి ఫోన్ చేసి ఇది చదివి వినిపించు పెద్దమ్మా" అన్నాను. చటుక్కున ఫోన్ వెనక్కి లాక్కుంది.

"కోడ్ ఎవరికీ చెప్పద్దని నువ్వే కదమ్మా నేర్పినావు!"

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ప్రాణం పోయినా చెప్పకూడనిదీ, నోరారా చదివి వినిపించాల్సిందీ, రెండిటికీ యాప్‌లో ఒకే పేరు: కోడ్. ఎన్‌క్రిప్షన్, అంటే మెసేజ్‌లకు వేసే తాళం, తయారుచేసినవాళ్లు ఎంతో తెలివిగా చేశారు. ఆ తెలివి పెద్దమ్మ దాకా చేరాల్సిన చోట మాత్రం ఒక్క మాట ఎంచుకోవడంలో అశ్రద్ధ చేశారు. నాకు నిజంగా కోపం తెప్పించేది ఇదే. భయపడ్డ మనిషికి "మారింది" అని చెప్పి వదిలేస్తే ఎలా? ఎందుకు మారిందో, ఇప్పుడు ఏం చేయాలో అదే లైనులో చెప్పొచ్చు కదా.

సరే, పేరు మార్చడం మన చేతుల్లో లేదు. అంకెలు లెక్కపెట్టడం మన చేతుల్లో ఉంది. మా మిద్దె మీద ఇప్పుడు అందరం ఇలాగే గుర్తుపెట్టుకుంటున్నాం: ఆరు అంకెలైతే నోరు మూత, అరవై అంకెలైతే చదువుకో.

ఆరు అంకెలవి రెండున్నాయి. ఎస్సెమ్మెస్‌లో వచ్చేది ఒకటి. అది ఎవరి చేతికి చిక్కితే వాళ్లు మీ నంబరుతో తమ ఫోన్లో వాట్సాప్ తెరవడానికి ప్రయత్నించొచ్చు. రెండోది మీరే పెట్టుకున్న పిన్. ఈ రెండూ కన్న కొడుకు అడిగినా చెప్పేవి కావు.

ఇక 60 అంకెల సంగతి. 2016 ఏప్రిల్ నాటికి వాట్సాప్ తన మెసేజ్‌లన్నిటికీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ తెచ్చింది, అంటే పంపినవాళ్లు, అందుకున్నవాళ్లు తప్ప మధ్యలో ఎవరూ చదవలేని తాళం. దానికి వాడింది సిగ్నల్ ప్రోటోకాల్ అనే పద్ధతి. ఇందులో ప్రతి ఫోనూ తన తాళంచెవి తానే తయారుచేసుకుంటుంది, అసలు చెవి ఆ ఫోన్ దాటి బయటికి రాదు. మనకు కనిపించే 60 అంకెలు ఆ చెవి కావు. మోటుగా చెప్పాలంటే, రెండు వైపులా ఉన్న తాళాల వేలిముద్రలు పక్కపక్కన వేసినట్టు: ముప్పై అంకెలు మీవి, ముప్పై అవతలివారివి. అందుకే ఇద్దరి ఫోన్లలోనూ అదే నంబరు, అదే వరసలో కనిపించాలి. ఇది పక్కవాడు విన్నా మీ మెసేజ్‌లు చదవలేడు.

ఇప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకోండి. చాట్ తెరిచి, పైనున్న పేరు నొక్కి, కిందికి జరపండి. తాళం బొమ్మతో ఎన్‌క్రిప్షన్ అని ఉంటుంది, అది నొక్కండి. 2023లో వచ్చిన కీ ట్రాన్స్‌పరెన్సీ అనే పద్ధతి వల్ల ఇక్కడ యాప్ తానే కొంత సరిచూస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో చేసి చూడండి, విషయం మనసుకు పడుతుంది. క్యూఆర్ బొమ్మ, దాంతోపాటు ఐదేసి అంకెల గుంపులు పన్నెండు ఉంటాయి. మనిషి ఎదురుగా ఉంటే క్యూఆర్ స్కాన్ చేస్తే చాలు. దూరంగా ఉంటే గొంతు గుర్తుపట్టగలిగేలా కాల్ చేసి చదవాలి. మెసేజ్‌లో పంపి సరిచూడొద్దు. మధ్యలో నిజంగా ఎవడైనా ఉంటే ఆ అంకెల్నే మార్చేయగలడు.

చదివేటప్పుడు పెద్దమ్మ "డెబ్బై మూడు, సున్నా..." అంటూ జతలుగా చదివింది. అవతల కొడుకు "ఏడు, మూడు" అని వెతుక్కుంటూ తడబడ్డాడు. అందుకని ఒక్కో అంకె విడిగా చదవండి. ఐదు అంకెలయ్యాక ఆగండి, అవతలివాళ్లు "ఊ" అన్నాకే ముందుకెళ్లండి. పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని, వేలు స్క్రీన్‌కు తగలకుండా గాల్లోనే గుంపు గుంపుకీ జరుపుకుంటూ పన్నెండూ చదివింది. చివరి "ఊ" విన్నాక, "అయితే వీడు మావాడే" అని అప్పటికప్పుడు అన్నం తిన్నావా అని మెసేజ్ పెట్టింది.

ఇంత కష్టం అక్కర్లేకుండా కూడా చేయొచ్చు. టెలిగ్రామ్ కాల్స్‌లో ఇదే పనికి నాలుగు ఎమోజీలు చూపిస్తారు, ఇద్దరికీ అవే వచ్చాయా అని నోటితో చెప్పుకుంటే సరిపోతుంది. చదువు రాని అవ్వ కూడా చేయగల పని అది. కానీ టెలిగ్రామ్‌లో మామూలు చాట్‌లు ఎండ్ టు ఎండ్ కావు, సీక్రెట్ చాట్ విడిగా తెరుచుకోవాలి. ఒకచోట తాళం గట్టిది, ఇంకోచోట చూపించే తీరు మంచిది. రెండూ ఒకేచోట దొరకాలని అడగడం అత్యాశ కాదు.

కోడ్ మారిందంటే దొంగ పడ్డాడని కాదు. కొత్త ఫోన్ కొన్నా, యాప్ తీసి మళ్లీ వేసినా, కంప్యూటర్ జతచేసినా మారవచ్చు. నంబర్లు కలవకపోతే ముందు ఇద్దరూ సరైన చాట్ తెరిచారా అని చూడండి. రెండు సిమ్‌లున్నవాళ్లతో ఇది మామూలే. అప్పటికీ కలవకపోతే, మనిషిని కలిసి స్కాన్ చేసేదాకా ఆ చాట్‌లో డబ్బు మాట ఎత్తొద్దు.

పెద్దమ్మకు ఆ లైను కనిపించిందంటే మొదటి పాఠంలో ఒక స్విచ్ ఆన్ చేయించాం కాబట్టే. చేయనివాళ్లు సెట్టింగ్స్, అకౌంట్, సెక్యూరిటీ నోటిఫికేషన్స్ అని వెళ్లి ఇప్పుడే ఆన్ చేయండి.

ఈ వారం పని: ఇంట్లో ఒకరితో స్కాన్ చేసి, ఊళ్లో ఉన్న ఒకరితో చదివి సరిచూడండి. వచ్చే పాఠంలో బ్యాకప్. అక్కడ 64 అక్షరాల కీ ఒకటి వస్తుంది, దాన్నీ ఎవరికీ చెప్పకూడదు. మన అంకెల గుర్తు అక్కడ పనిచేయదు కాబట్టి, అప్పటిదాకా బ్యాకప్ సెట్టింగ్ ముట్టుకోకండి.