పాత కట్టడం పక్కన మాడ్యులర్ పరంజా: లక్షణం, కారణం, పరిష్కారం

శతాబ్దాల వయసున్న గోడ పక్కన నిలిపిన పరంజా ఊగినా, కుంగినా, గోడకు ఒరుసుకున్నా చాలాచోట్ల మొదట తోచే ఉపాయం ఇంకో బిగింపు వేయడమే. కొత్త కాంక్రీటు గోడ దగ్గర ఆ ఉపాయం చెల్లవచ్చు. పాత రాతికి, సున్నపు గచ్చుకు మాత్రం ఆ బిగింపే మోయలేని బరువు కావచ్చు. ఒకసారి పెచ్చు లేచిన చెక్కడం తిరిగి రాదు. అందుచేత ప్రతి దోషానికీ కారణాన్ని పరంజాలోనూ, దాని అడుగునున్న నేలలోనూ వెతకాలి, సర్దుబాటు కూడా అక్కడే చేయాలి. కట్టడాన్ని సర్దుకొమ్మని అడిగే హక్కు మనకు లేదు.

కింది వివరాలు ప్రధానంగా రోసెట్ (నిలువు గొట్టానికి ఉండే రంధ్రాల చక్రం), వెడ్జ్ (అందులో దిగే చీల)లతో బిగిసే రింగ్‌లాక్ పద్ధతికి చెందినవి. గిన్నెల్లాంటి కప్పులతో బిగిసే కప్‌లాక్‌లో బిగింపు తీరు వేరైనా కారణాలను వెతికే క్రమం ఇదే. ఏ లక్షణం కనబడినా ముందుగా ఆ భాగం నుంచి మనుషులను దించి, ఆ తరువాతే పరీక్ష మొదలుపెట్టాలి. మార్పులను శిక్షణ పొందిన పరంజా పనివారే, డిజైన్ చేసిన ఇంజినీరు అనుమతితో చేయాలి.

పలకల మీద నడిస్తే పరంజా ఊగుతోంది

ఊపు ఏ దిశలో ఉందో ముందు గమనించండి. గోడ పొడవునా అటూ ఇటూ కదులుతుంటే ఏటవాలు బ్రేసులు తక్కువయ్యాయనో, సడలాయనో అర్థం. గోడ వైపు వచ్చి పోతుంటే పరంజాను గోడతో కలిపే టైలు పట్టు తప్పాయి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే వెతుకులాట సగానికి సగం తగ్గుతుంది.

మొదటి రకం ఊపుకు తరచుగా కనబడే కారణం, సామగ్రి దాటించడానికి అడుగు వరుసలోని బ్రేసును తీసి మళ్లీ పెట్టకపోవడం. దారి నిజంగా అవసరమైతే దానిని డిజైన్‌లోనే చేర్పించి, పక్క గడుల్లో (రెండు నిలువు గొట్టాల మధ్య భాగాల్లో) బ్రేసులు పెంచాలి. బ్రేసులన్నీ ఉన్నా ఊపు తగ్గకపోతే వెడ్జ్‌లను ఒక్కొక్కటిగా తట్టి చూడాలి. 500 గ్రాముల సుత్తితో కొట్టినప్పుడు సుత్తి వెనక్కి ఎగిరేదాకా బిగించడం వాడుకలో ఉన్న పద్ధతి. ఆ తరువాత బేస్ జాక్ (బేస్ ప్లేట్ అనే అడుగు పలక మీద నిలిచి కాలి ఎత్తును సర్దే కడ్డీ) మరను చూడండి. తయారీదారు చెప్పిన హద్దు దాటి పైకి తిప్పిన జాక్ వంగడానికి సిద్ధంగా ఉంటుంది. ఇలాంటి పరంజాలో రోసెట్లు సాధారణంగా 500 మిల్లీమీటర్లకు ఒకటి ఉంటాయి కనుక, నేల వాలును అర మీటరు మెట్లుగా నిలువు గొట్టాల పొడవులతోనే సరిచేసి, మిగిలిన చిన్న తేడాను మాత్రమే జాక్‌కు వదలాలి.

ఒక కాలు కుంగింది, లేదా ఒక బేస్ ప్లేట్ కింద సందు కనబడుతోంది

ఈ రెండూ ఒకే దోషానికి రెండు ముఖాలు. కుంగిన కాలు మోయవలసిన బరువును పక్క కాళ్లు మోస్తున్నాయి కాబట్టి, గాలిలో తేలుతున్న కాలి కన్నా దాని ఇరుగుపొరుగు కాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటాయి. జాక్‌ను తిప్పి సందు మూసేయడం కారణాన్ని కప్పిపుచ్చడమే అవుతుంది. వారం తిరక్కుండానే అదే సందు మళ్లీ తెరుచుకోవచ్చు.

పాత కట్టడాల చుట్టూ నేల ఒకే తీరుగా ఉండదు. పూడ్చిన బావులు, పాత తూములు, సమాధులు, నేలమాళిగ కమానులు, తవ్వి మళ్లీ నింపిన మట్టి, వీటిలో ఏదైనా రాతిపలక కింద దాగి ఉండవచ్చు. పగిలిన వాననీటి గొట్టం నెలల తరబడి ఒకే చోట మట్టిని మెత్తబరచి ఉండవచ్చు. అందువల్ల కుంగిన చోట ముందు నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో, ఆ తరువాత అడుగున ఖాళీ ఉన్నదో చూడాలి.

బరువును పరచడంలో ఎంత తేడా వస్తుందో చిన్న లెక్క చెబుతుంది. ఒక కాలి మీద 20 కిలోన్యూటన్ల భారం ఉన్నదనుకుంటే, 150 మిల్లీమీటర్ల చదరపు బేస్ ప్లేట్ నేరుగా నేల మీద ఉన్నప్పుడు ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 890 కిలోన్యూటన్లు అవుతుంది. అదే ప్లేట్ కింద 225 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక మీటరు పొడవు గల, వంగని సోల్ బోర్డు వేస్తే ఒత్తిడి పదో వంతుకు దిగుతుంది. చెక్కడపు పలకలు గానీ మొజాయిక్ గానీ ఉన్న నేల అయితే ముందు మెత్తని ఫెల్టు, దాని మీద ప్లైవుడ్, ఆ పైన సోల్ బోర్డు రావాలి. ఫెల్టు కింద ఒక్క ఇసుక రేణువు కూడా మిగలకుండా తుడవాలి.

అడుగున నేలమాళిగ ఉన్నట్టు తేలితే బోర్డులతో పని కాదు. లాటిస్ గర్డర్లతో (జాలీలా అల్లిన దూలాలతో) భారాన్ని కమాను మీదుగా దాటించి గట్టి గోడల దగ్గర దించడమే నాకు సరైనదిగా తోస్తుంది. కింది నుంచి ఊతాలు పెట్టడం తేలిక పనిలా కనబడుతుంది. కానీ పైకి నెట్టే ప్రతి ఊతం కమాను రాళ్ల మధ్య బిగువును మారుస్తుంది కనుక, నిర్మాణ ఇంజినీరు లెక్క చూడకుండా ఆ పనికి పూనుకోకూడదు.

టై పట్టిన చోట పొడి రాలుతోంది, సన్నని పగుళ్లు వచ్చాయి

చాలా పాత గోడలు బయటికి ఒకే బండలా కనబడినా, రెండు రాతి ముఖాల మధ్య ముక్కరాళ్లు, సున్నం నింపి కట్టినవే. బిగించినకొద్దీ విచ్చుకునే యాంకర్ బోల్టు పలుచని ముఖాన్ని మాత్రమే పట్టుకుని, దానిని లోపలి పూరకం నుంచి లాగేస్తుంది. ముందుగా ఆలోచించవలసినది రంధ్రం అవసరం లేని టై. కిటికీ గుండా గొట్టాన్ని లోపలికి పంపి, లోపలి వైపు అడ్డగొట్టంతో, చెక్క మెత్తలతో ఆనించవచ్చు. స్తంభం ఉంటే దాని చుట్టూ పెట్టెలా కట్టవచ్చు. ఏదీ కుదరకపోతే పరంజా అడుగును వెడల్పు చేసి, అడుగున బరువులు ఉంచి, తనంతట తానే నిలిచేలా డిజైన్ చేయించాలి. రంధ్రం తప్పనిసరైతే సంరక్షణాధికారి అనుమతితో, రాతిలో కాక రాళ్ల మధ్య సున్నపు అతుకులో, స్టెయిన్‌లెస్ స్టీలు యాంకర్‌తో వేసి, లాగి పరీక్షించాలి.

నెలల పాటు నిలకడగా ఉన్న టైలు హఠాత్తుగా సడలితే, మధ్యలో ఎవరైనా వల గానీ షీటు గానీ కట్టించారేమో అడగండి. గాలికి షీటు తెరచాపలా పనిచేస్తుంది, ఆ లాగుడంతా టైల మీదే పడుతుంది. కొత్త లెక్క ప్రకారం టైలు పెంచేదాకా షీటును దించడమొక్కటే సరైన పని. కిటికీ అంచుల మధ్య మరతో బిగించిన టైలలో చెక్క మెత్తలు ఎండి కుంచించుకుపోవడం కూడా సడలికకు కారణమే. వాటిని క్రమం తప్పక చూడాలి.

మధ్యాహ్నం గోడకు ఆనుతోంది, ఉదయం సందు ఉంటోంది

ఇది ఉక్కు వ్యాకోచం. 30 మీటర్ల పొడవైన వరుస 30 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 11 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు గోడల మధ్య బిగుతుగా అమర్చిన పరంజా ఆ మేరకు వాటిని నెడుతుంది. ఒక కొసనైనా తగినంత ఖాళీ వదిలి, గొట్టాల కొసలకు ప్లాస్టిక్ తొడుగులు వేయాలి.

గడి కొలత గోడకు కుదరడం లేదు

మాడ్యులర్ అడ్డగొట్టాల పొడవులు స్థిరమైనవి, పాత గోడ మాత్రం తూకం (నిట్టనిలువు) తప్పి, వంపులు తిరిగి ఉంటుంది. కింద అంగుళాల్లో ఉన్న సందు పైకి వెళ్లేసరికి మనిషి పట్టేంత అవుతుంది. గొట్టాన్ని బలవంతంగా లాగి వెడ్జ్ దింపితే పరంజా తూకం పోతుంది. ముందే గోడను కొలిచి, అన్నిటికన్నా ముందుకు పొడుచుకొచ్చిన చోటును బట్టి పరంజా వరుసను నిర్ణయించి, లోపలి సందును బ్రాకెట్లతో, మిగిలినచోట గొట్టాలు, వాటిని కలిపే కప్లర్లతో పూడ్చాలి. సందు పూడనిచోట లోపలి వైపు కూడా రెయిలింగు ఉండాలి.

రాతి మీద తుప్పు చారలు పడితే గాల్వనైజింగ్ (జింకు పూత) పోయిన భాగాలను తీసివేసి, వర్షం కురిసేటప్పుడు చిందే నీరు గోడను తాకకుండా గోడ పక్క పలకను నిలువుగా తిప్పి ఉంచాలి.

విప్పేటప్పుడు భాగాలు ఊడి రావడం లేదు

గచ్చు తుంపరలు ఎండి వెడ్జ్‌ను పట్టేస్తే శుభ్రం చేసి, కింది నుంచి పైకి తట్టాలి. అయినా రాకపోతే అది ఎక్కడి నుంచో భారం మోస్తున్నదని అనుమానించాలి. ఆ భారానికి వేరే ఆధారం కల్పించకుండా కోయకూడదు. 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదం జరిగిన పారిస్ నోత్ర్ దామ్ కథీడ్రల్‌లో, శిఖరం చుట్టూ ఉన్న పరంజా వేడికి వంగి, గొట్టాలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. సుమారు 40,000 భాగాలు, 200 టన్నుల ఉక్కు కమానుల మీద వేలాడింది. ముందు దానిని ఉక్కు దూలాలతో చుట్టూ నడికట్టులా బిగించి, పక్కన మరో పరంజా నిలిపిన తరువాతే, 2020 జూన్‌లో కోత మొదలుపెట్టి నవంబరులో ముగించారు.

సాధారణ విప్పుడులో కూడా టైలను పై నుంచి కిందికి, ఒక్కో టై పైనున్న వరుసలు దిగిన తరువాతే తీయాలి. యాంకర్లు తీసిన రంధ్రాలను సిమెంటుతో కాక, పక్కనున్న అతుకుకు సరిపోయే సున్నపు గచ్చుతో, పలకలు ఇంకా ఆ ఎత్తులో ఉండగానే పూడ్చాలి.