ఇటాలియన్‌లో ‘నె’ (ne) అనే చిన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడం ఎలా?

ఒక లాటిన్ నిఘంటువు, మాటల పుట్టుక చెప్పే ఒక ఇటాలియన్ వ్యుత్పత్తి నిఘంటువు, ఒక నోటుపుస్తకం చాలు. నిఘంటువులు చివరికే తెరవాలి. ముందే జవాబు చూసినవాళ్ళకి దారి ఎప్పటికీ తెలియదు.

1. ‘నె’ ఉన్న వాక్యాలు పది చేత్తో రాయండి. ‘నె పార్లో’ అంటే దాని గురించి మాట్లాడతాను. ‘నె వొల్యో దూఎ’ అంటే అందులోంచి రెండు కావాలి. ‘మె నె వాదో’ అంటే ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతున్నాను.

2. అన్నిటికీ కింద ఉన్న అర్థం పట్టుకోండి: ‘దాని నుంచి’.

3. ఇటాలియన్ లాటిన్ నుంచి పుట్టింది కాబట్టి, ఆ అర్థమున్న లాటిన్ మాట వెతకండి. ‘ఇందె’ దొరుకుతుంది, అంటే ‘అక్కడి నుంచి’.

4. ఇక్కడే అందరూ పడిపోతారు. లాటిన్‌లో అచ్చంగా ‘నె’ అనే మాట ఉంది కదా, అదే ఇదని రాసేస్తారు. అది ‘కూడదు’ అని వారించే మాట. పైన రాసిన పది వాక్యాల్లో ఒక్కదానికీ అతకదు. అచ్చు మీద చిన్న గీతతో (né) రాసే ఇంకో ఇటాలియన్ ‘నె’ ఉంది, అంటే ‘కూడా కాదు’. అది లాటిన్ ‘నెక్’ బిడ్డ. ఈ రెండు ఇటాలియన్ ‘నె’లనీ కలిపితే లెక్క మొత్తం తప్పుతుంది.

మన తెలుగువాళ్ళకి మరో గుంట ఉంది. ‘ఇందె’ వినగానే మన ‘ఇందు’ గుర్తొస్తుంది. దయచేసి ఆ రెండింటినీ ముడిపెట్టకండి. మనది ద్రావిడ ‘ఇ’, దగ్గరిదాన్ని చూపిస్తుంది. లాటిన్ మాట చూపించేది ‘అక్కడ’ని. పోలిక ఎప్పుడూ రుజువు కాదు.

మరి ‘ఇందె’ ‘నె’ ఎలా అయింది? క్రియకి ఆనుకుని, ఊనిక (నొక్కి పలకడం) లేకుండా పలికే మాట అరిగిపోతుంది. ‘అక్కడ నుంచి’ మన నోట ‘అక్కణ్ణుంచి’ అయినట్టే. ఇటాలియన్‌లో ముందు అచ్చు రాలింది, ‘ద’ కూడా పోయింది. ఊనిక నిలిచిన చోట అదే మాట చెక్కుచెదరలేదు: సాహిత్య భాషలో ‘ఇంది’, రోజూ వాడే ‘క్విందీ’ (కాబట్టి) రెండూ దాని రూపాలే.

5. లాటిన్ నుంచే పుట్టిన అక్కాచెల్లెళ్ళ భాషల్ని అడగండి. నేను ఈ మెట్టు దాటకుండా ఏ వ్యుత్పత్తీ ఒప్పుకోను. స్పానిష్‌లో ‘పోర్ ఎందె’ (అందువల్ల) ఉంది. ఫ్రెంచిలో అదే పని చేసే ‘ఆఁ’ ఉంది. 842లో ఇద్దరు రాజులు చేసుకున్న స్ట్రాస్‌బుర్గ్ ప్రమాణాల్లో, అంటే పాత ఫ్రెంచి రాతలో, దాన్నే ‘ఇంత్’ అని రాశారు. ఫ్రెంచి తోక పోగొట్టుకుంటే, ఇటాలియన్ తల పోగొట్టుకుంది.

6. ఇప్పుడు నిఘంటువు తెరిచి సరిచూసుకోండి.