మారథాన్ పరుగుతో విరాళాల సేకరణ – మూడో పాఠం: అడగడం

మొదటి పాఠంలో సంస్థను ఎంచుకున్నాం. దాని వార్షిక లెక్కలు ఎలా చదవాలో, ఇచ్చిన డబ్బు ఏ పనికి పోతుందో ఎలా కనుక్కోవాలో చూశాం. రెండో పాఠంలో విరాళాల పేజీ తయారు చేసి, లక్ష్యం రాసుకున్నాం. సాధన కూడా మొదలైంది. అయినా పేజీలో ఇంకా సున్నాయే కనిపిస్తోందంటే కారణం ఒకటే అయి ఉంటుంది. మీరింకా ఎవరినీ అడగలేదు.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. తెల్లవారకముందే లేచి ముప్పై కిలోమీటర్లు పరుగెత్తడానికి వెనుకాడని మనిషి, ఒక్క ఫోను చేయడానికి వారాల తరబడి తటపటాయిస్తాడు. చివరికి పేజీ లింకును ఏదో గ్రూపులో పెట్టి, చూసినవాళ్లు ఇస్తారులే అని ఊరుకుంటాడు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. 200 మంది ఉన్న గ్రూపులో సందేశం పెడితే ఎవరినీ అడిగినట్టు కాదు. చదివిన ప్రతి ఒక్కరూ మిగతా 199 మంది చూసుకుంటారనుకుంటారు. అందుకే ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ఇంత అని, ఫలానా తేదీలోగా అని అడగాలి. ఈ పాఠంలో నేర్చుకోవలసింది అదే.

ఇంత అని చెప్పడం

పేరు పెట్టి పిలవడం ఎవరికైనా వస్తుంది. మొత్తం చెప్పే చోటికి వచ్చేసరికే నోరు పెగలదు. "మీకు తోచినంత ఇవ్వండి" అని తప్పించుకుంటాం. అది మర్యాద అనిపిస్తుంది కానీ, ఎదుటివాళ్ల మీద ఒక బరువు పెడుతుంది. ఎంత ఇస్తే బాగుంటుంది, తక్కువైతే ఏమనుకుంటారు, మిగతావాళ్లు ఎంత ఇచ్చారు అని వాళ్లు ఆలోచనలో పడతారు. సాయంత్రం చూద్దాంలే అని ఫోను పక్కన పెడతారు. అంతటితో ఆ విరాళం చేజారినట్టే.

ఈ విషయంలో కెనడా యువకుడు టెరీ ఫాక్స్‌ను గుర్తు చేసుకోవాలి. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడికాలు పోగొట్టుకున్న ఆయన, క్యాన్సర్ పరిశోధనకు నిధుల కోసం 1980 ఏప్రిల్ 12న దేశపు తూర్పు కొసన ఉన్న సెయింట్ జాన్స్ నుంచి కృత్రిమ కాలితో పరుగు మొదలుపెట్టాడు. రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం. మొదట్లో పట్టించుకున్నవాళ్లు తక్కువే. అలాంటి రోజుల్లో సుమారు పదివేల జనాభా ఉన్న పోర్ట్ ఓ బాస్క్ అనే చిన్న పట్టణం పదివేల డాలర్లకు పైగా పోగుచేసి ఆయన చేతిలో పెట్టింది. అంటే మనిషికి ఒక డాలరు. దేశాన్ని ఆయన అడిగింది కూడా అంతే, కెనడాలో ఉన్న ప్రతి ఒక్కరి నుంచీ ఒక డాలరు. ఆ మాట విన్న మనిషికి తన వాటా ఎంతో ఇట్టే తెలిసిపోతుంది. ఇవ్వాలో వద్దో తేల్చుకోవడమే మిగులుతుంది.

మన దగ్గరా అలాంటి లెక్క ఒకటి సిద్ధంగా ఉంది. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. మీ లక్ష్యాన్ని 42తో భాగించండి. లక్ష్యం 84,000 అనుకుంటే (మీ డబ్బు ఏ దేశానిదైనా లెక్క ఒకటే) ఒక్కో కిలోమీటరు 2,000 అవుతుంది. ఇక అడగడం తేలిక: "నా పరుగులో ఒక కిలోమీటరు మీది కావాలి." స్తోమత ఉన్నవాళ్లను ఐదు కిలోమీటర్లు అడగవచ్చు. ఇద్దరు స్నేహితులు కలిసి ఒకటి తీసుకోవచ్చు. కిలోమీటరు భారమనిపించే విద్యార్థులకు వంద మీటర్లు చాలు. ఇచ్చినవాళ్ల పేరును ఆ కిలోమీటరు ఎదురుగా రాసుకుంటే పరుగు రోజున మీకూ ఉపయోగపడుతుంది. 35 దాటాక కాళ్లు మొరాయించే సమయంలో ఈ కిలోమీటరు ఎవరిదో గుర్తుండటం ఎంత అండో, ఒకసారి పరుగెత్తినవాళ్లకు తెలుస్తుంది.

ఒక ఉత్తరాన్ని దగ్గరగా చూద్దాం

ముందుగా, రోజూ కనిపించే రకం సందేశం:

"అందరికీ నమస్కారం. నేను మొదటిసారి మారథాన్ పరుగెత్తబోతున్నాను. ఒక మంచి పని కోసం విరాళాలు సేకరిస్తున్నాను. దయచేసి కింది లింకు నొక్కి మీకు తోచినంత సహాయం చేయగలరు."

ఇందులో తప్పులేమీ లేవు. అయితే ఎవరికి రాశారో తెలియదు. ఆ మంచి పని ఏమిటో, డబ్బు ఎప్పటిలోగా కావాలో కూడా తెలియదు. ఇప్పుడు ఇదే మనిషి తన బాబాయికి రాసిన ఉత్తరం చూడండి:

"బాబాయ్, నాన్నమ్మను డయాలసిస్‌కు తీసుకెళ్లడానికి మీరు వారానికి మూడుసార్లు ఆఫీసులో అనుమతి అడిగేవారు కదా. మీలాంటి కొడుకు లేని రోగులను ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి చేర్చే సంస్థ ఒకటి ఉంది. వాళ్ల వాహనాల ఖర్చు కోసం నేను వచ్చే మారథాన్‌లో పరుగెత్తుతున్నాను. నిన్న మొదటిసారి 18 కిలోమీటర్లు పూర్తి చేశాను. మొత్తం 42 కిలోమీటర్లు, ఒక్కో కిలోమీటరుకు 2,000. మొదటి కిలోమీటరు డబ్బు నేనే కట్టాను. రెండోది మీ పేరున ఉండాలని నా కోరిక. ఈ ఆదివారం లోపు కుదిరితే చెప్పండి, మిగతావాళ్లకు రాయడం సోమవారం మొదలుపెడతాను. ఇప్పుడు వీలు కాకపోతే మొహమాటపడకండి, ఆ మాటే చెప్పండి."

మొదటి వాక్యం ఇంకెవరికీ పంపడానికి పనికిరాదు. ఆ ఉత్తరానికి బలం అక్కడే ఉంది. బాబాయి చూసిన కష్టంతో మొదలై, అదే కష్టంలో ఉన్న మరొకరి దగ్గరికి వెళ్తుంది. సంస్థ గొప్పతనం గురించి ఒక్క విశేషణమైనా లేదు. వాహనాలు, రోగులు, ఆస్పత్రి ఉన్నాయి. 18 కిలోమీటర్లు అనడంతో, పని ఇప్పటికే నడుస్తోందని అర్థమవుతుంది. తన డబ్బు ముందు పెట్టానన్న మాట చాలా ముఖ్యం. సొంత పేరు లేని పేజీని పట్టుకుని ఎవరినీ అడగకండి. చివరి వాక్యం కాదనడానికి దారి ఇస్తుంది. ఆ దారి ఉన్నప్పుడే అవునన్న మాట మనస్ఫూర్తిగా వస్తుంది.

మీకు ఇలాంటి కుటుంబ కథ లేకపోవచ్చు. లేనిది కల్పించకండి. ఈ పని మీకు ఎందుకు పట్టిందో రెండు నిజమైన వాక్యాలు దొరికే దాకా ఆలోచించండి. 1988లో న్యూయార్క్ మారథాన్‌కు 38 మందితో ఒక జట్టు కట్టిన బ్రూస్ క్లీలండ్ కుమార్తెకు ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉండేది. ఆ జట్టు ఆ వ్యాధిపై పని చేసే సంస్థ కోసం 3,22,000 డాలర్లు సేకరించింది. పరుగు పేరుతో పెద్ద ఎత్తున నిధులు సేకరించే ఒక కార్యక్రమమే దాని నుంచి పుట్టింది. ఎవరి కోసం పరుగెత్తుతున్నారో ఆ జట్టులో ఎవరినీ అడగవలసిన పని ఉండేది కాదు.

ఎవరిని ముందు అడగాలి

ఈ క్రమం మీద పట్టుదలగా ఉండండి. పేజీని పదిమందిలో పెట్టకముందే, మీకు బాగా దగ్గరివాళ్లను, పెద్ద మొత్తం ఇవ్వగలిగినవాళ్లను విడివిడిగా అడగాలి. ఎందుకంటే తరువాత వచ్చేవాళ్లు పైన ఉన్న అంకెలు చూసే తమ అంకె నిర్ణయించుకుంటారు. 2010 లండన్ మారథాన్‌లో పరుగెత్తినవాళ్ల విరాళాల పేజీలను పరిశీలించిన ఆర్థికవేత్తలు దీన్ని లెక్క కట్టారు. అంతకుముందు వచ్చిన విరాళాల సగటు 10 పౌండ్లు పెరిగితే, తరువాతి విరాళం సగటున సుమారు రెండున్నర పౌండ్లు పెరుగుతోందని తేల్చారు. మొదటి నాలుగైదు పేర్లు బాగుంటే మిగతా పేజీ దాని వెంట నడుస్తుంది.

ఆ తరువాత సహోద్యోగులు, తోటి పరుగువాళ్లు, పాత క్లాసుమేట్లు. గ్రూపుల్లో పెట్టే సందేశం అన్నిటికన్నా చివర. అప్పటికి పేజీ సగం నిండి ఉండాలి. లక్ష్యం పరుగుకు ముందే చేరితే సంతోషించి ఊరుకోకుండా దాన్ని కొంచెం పెంచండి. నిండిపోయిన పేజీ చూసినవాళ్లు ఇక అవసరం తీరిందనుకుంటారు. మీరు పనిచేసే సంస్థ ఉద్యోగుల విరాళాలకు సమానంగా తన వంతు కలుపుతుందేమో ఒక్కసారి అడిగి చూడండి. చాలామందికి ఆ ఆలోచనే రాదు.

అడగకూడనివాళ్లు కూడా ఉన్నారు. మీ కింద పనిచేసేవాళ్లను ఎప్పుడూ అడగకండి. వాళ్లకు కాదనే స్వేచ్ఛ ఉండదు. అప్పుల్లో ఉన్నారని మీకు తెలిసినవాళ్లనూ వదిలేయండి. వాళ్లంతట వాళ్లు ఇస్తే కృతజ్ఞతతో తీసుకోండి.

గుర్తు చేయడం

జవాబు రాలేదంటే ఇష్టం లేదని కాదు. ఎక్కువగా మరుపే. రెండు వారాలు ఆగి ఒకసారి, పరుగు వారంలో ఒకసారి గుర్తు చేయండి. మూడోసారి వద్దు. ప్రతిసారీ ఒక కొత్త కబురు ఉండాలి. "ఇంకా ఇవ్వలేదు" అని రాయకండి, "నిన్న 30 కిలోమీటర్లు అయింది, 19 కిలోమీటర్లకు దాతలు దొరికారు" అని రాయండి. మారథాన్ సాధన సాధారణంగా 16 నుంచి 20 వారాలు సాగుతుంది. అన్నిటికన్నా పొడవైన పరుగు పోటీకి సుమారు మూడు వారాల ముందు వస్తుంది. ఆ పరుగు మరునాడు రాసిన సందేశానికి స్పందన బాగుంటుంది, ఎందుకంటే మీ మాటలో అలసటా ఉత్సాహమూ రెండూ ఉంటాయి.

గాయమైతే, పరుగు మధ్యలో ఆగితే డబ్బు సంగతి ఏమిటని కొందరు అడుగుతారు. విరాళం నేరుగా సంస్థకే చేరుతుందని, మీరు ముగింపు గీత దాటినా దాటకపోయినా పని ఆగదని ముందే చెప్పండి. టెరీ ఫాక్స్ పరుగు కూడా పూర్తి కాలేదు. క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో 143 రోజులు, 5,373 కిలోమీటర్ల తరువాత 1980 సెప్టెంబరు 1న థండర్ బే దగ్గర ఆపవలసి వచ్చింది. విరాళాలు మాత్రం ఆగలేదు. 1981 ఫిబ్రవరి నాటికి నిధి 2.4 కోట్ల డాలర్లు దాటి, అప్పటి దేశ జనాభాతో సమానమైంది. తాను అడిగినది నెరవేరడం ఆయన చూడగలిగాడు. అదే ఏడాది జూన్ 28న కన్నుమూశాడు.

ఎవరైనా నగదు చేతికిస్తే, పేరు, మొత్తం, తేదీ అక్కడికక్కడే రాసుకుని అదే రోజు సంస్థకు జమ చేయండి. సొంత డబ్బుతో కలపకండి. జమ దాత పేరునే జరగాలి, మీ పేరున కట్టేస్తే రశీదు మీకు వస్తుంది, పన్ను మినహాయింపు ఉన్న చోట ఆ ప్రయోజనం దాతకు దక్కదు.

ఈ వారం పని

ఒక పుస్తకంలో 1 నుంచి 42 వరకు వరుసలు వేయండి. ఒకటో వరుసలో మీ పేరు రాసి, ఆ డబ్బు ఈ రోజే కట్టండి. తరువాతి పది వరుసల్లో మీరు అడగబోయేవాళ్ల పేర్లు, ఒక్కొక్కరి ఎదురుగా ఆ మనిషికి మాత్రమే రాయగల మొదటి వాక్యం రాయండి. వాక్యం తట్టకపోతే ఆ పేరును కిందికి జరపండి. ఐదు ఉత్తరాలు పూర్తి చేసి, ఒక్కొక్కటీ పైకి చదవండి. నోటికి ఎక్కడ ఇబ్బందిగా అనిపిస్తే అక్కడ మార్చండి. తరువాత పంపండి. వయసులో పెద్దవాళ్లకైతే పంపడం కన్నా ఫోను చేసి చెప్పడం మేలు, ఉత్తరం అప్పుడు కాగితం మీద ఎదురుగా ఉంటే చాలు.

జవాబులు రావడం మొదలవగానే మీకు నాలుగో పాఠంతో పని పడుతుంది: కృతజ్ఞతలు ఎలా చెప్పాలి, పరుగు తరువాత దాతలకు లెక్క ఎలా అప్పజెప్పాలి. అప్పటిదాకా వచ్చిన ప్రతి విరాళానికీ ఆ రోజే ఒక వాక్యం రాసి పంపుతూ ఉండండి.