ఎండల్లో యుద్ధపటాలు గీసేవాళ్లకి

బోర్డు మీద ఆడుకోవడానికి 1757 నాటి బొబ్బిలి యుద్ధం పటం గీస్తున్నాను, ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో. మధ్యాహ్నమైతే చాలు, ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరెత్తేది, కర్సర్ కదిలేది కాదు. తప్పు పటం నిండా గీసిన ఆరు మూలల గళ్లది అనుకున్నా. కాదు, చెట్లకీ కోటగోడకీ బ్లర్ ఫిల్టర్‌తో మసకగా పెట్టిన నీడలది! వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్‌ని ‘నో ఫిల్టర్స్’ చేయండి, నీడలు ఫైల్లోనే ఉంటాయి, తెర మీద మాత్రం కనబడవు. ఊళ్ల పేర్లు సర్దేటప్పుడు గీతలు మాత్రమే చూపే ‘అవుట్‌లైన్’ మోడ్ ఇంకా హాయి.

పిక్సెళ్లతో బొమ్మలు వేసే జింప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు చిత్తుపటం 100 డీపీఐలో (అంటే అంగుళానికి 100 చుక్కలు) వేసుకోండి. ఏ2 కాగితానికి 300 డీపీఐ అంటే దాదాపు మూడున్నర కోట్ల పిక్సెళ్లు, చిత్తుకి అందులో తొమ్మిదో వంతు చాలు. ప్రింటుకిచ్చే పెద్ద ఫైలు తెల్లారుజామున ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. ల్యాప్‌టాప్ పరుపు మీద మాత్రం పెట్టకండి, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి.